అన్ని పనులూ వచ్చిన కూలీ 'నైపుణ్యం లేనివాడా'?

వ్యవసాయ కూలీని ప్రభుత్వ కాగితాలు ఏమంటాయో కార్యకర్తలు గమనించే ఉంటారు. 2005 ఉపాధి హామీ చట్టం గ్రామీణ పేదలు చేసే పనిని 'నైపుణ్యం అక్కరలేని శారీరక శ్రమ' అన్నది. 2019 వేతనాల కోడు నైపుణ్యం లేనివారు మొదలు అధిక నైపుణ్యం గలవారి దాకా నాలుగు మెట్లు కట్టింది. కనీస కూలి కట్టేటప్పుడు ఆ మెట్లు చూడమన్నది. నాట్లు వేసేవాళ్ళను, కలుపు తీసేవాళ్ళను ఏ మెట్టు మీద నిలబెడతారో వేరే చెప్పాలా?

ఈ లెక్క ఎంత తప్పో పొలంలో దిగితే తెలుస్తుంది. నారు పోయడం, గట్లు చెక్కడం, నీరు కట్టడం, కోత, నూర్పు, తూర్పారబట్టడం, వాన దిగకుండా గడ్డివామి వేయడం - ఇన్నీ వచ్చిన మనుషులు ప్రతి కూలిపేటలోనూ ఉన్నారు. లేత పైరులో ఊద గడ్డి అచ్చం వరిలాగే ఉంటుంది. నడుం వంచి సాగిపోతూ, ఊదను పీకి వరిని వదిలే ఆడకూలీ కంటికి ఏ కాలేజీ పట్టా ఇచ్చింది? వరి పని అయిపోతే ఆమే మిరప కోతకు పోతుంది, పత్తి తీతకు పోతుంది.

ఒక్క పని నేర్చినవాడికి నైపుణ్యం ఉన్నదట, పది పనులు వచ్చినవాళ్ళకు లేదట! ఇది విద్య లెక్క కాదు, కూలి తగ్గించే లెక్క. ఆడవాళ్ళ పనికి 'తేలిక పని' అని పేరు పెట్టి తక్కువ ఇవ్వడమూ ఈ ఎత్తే. 1976లో సమాన వేతనాల చట్టం వచ్చినా ఆ ఎత్తు చావలేదు.

ఒక్క విద్యలో ఆరితేరినవాళ్ళను మనం తక్కువ చేయడం లేదు. డాక్టరు కావాలి, ఇంజనీరు కావాలి. కోత మిషను నడిపే డ్రైవరూ మన తోటి శ్రామికుడే. కానీ గాలివానకు పడిపోయిన చేలో, బురద ఆరని మడిలో ఆ మిషను సరిగా సాగదు. అప్పుడు కొడవలి పట్టేవాళ్ళను వెతుక్కుంటూ పేటకు వస్తారు. అవసరానికి పనిమంతుడు, కూలి దగ్గర పనిరానివాడు!

సంఘం కార్యకర్త కూడా ఇలా అన్ని పనుల మనిషి కావాలి. కూలి లెక్క కట్టాలి, అడంగలు చదవాలి, అర్జీ రాయాలి, పాము కరిచినవాణ్ణి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. 'ఇది నా పని కాదు' అంటే కుదరదు. మాలో చాలామందిమి బడిలో నేర్చుకున్నది కొంచెమే, మిగతాదంతా చేలోనూ సంఘంలోనూ నేర్చుకున్నదే.

అందుకే కూలి రేట్ల కోసం అర్జీ పెట్టే ముందు ప్రతి ఊరి సంఘమూ ఒక పని చేయాలి. ఏడాది పొడుగునా మన వాళ్ళు చేసే పనులన్నీ వరసగా రాయాలి. ఒక్కొక్క పనికి చేయి తిరగడానికి ఎన్నాళ్ళు పట్టిందో పెద్దవాళ్ళను అడిగి రాయాలి. ఆ కాగితం అధికారి బల్ల మీద పెట్టి, 'ఇందులో నైపుణ్యం లేని పని ఏదో చూపించండి' అని అడుగుదాం.