బిడ్డకు తప్ప అందరికీ ఎరుకే

మా కరీంనగర్ దిక్కు పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకిన పిల్లలను ఎందరినో నాయనమ్మలూ అమ్మమ్మలే సాకారు. 2004లో సర్కారు హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక పిల్లలు బతికారు. బతికితే చాలనుకున్నాం. పెరిగి అడుగుతారని అనుకోలేదు. అనుకున్నామేమో, అప్పటికి చూద్దాంలే అని ఊరుకున్నాం.

డబ్బా మీది కాగితం గోటితో గీకి పారేశాం. గోళీలను పాత టానిక్ సీసాలో పోసి బియ్యం సంచి వెనక దాచాం. ‘బలానికి బిడ్డా, మింగు’ అన్నాం. ఏడేళ్లప్పుడు ఆ మాట సరిపోయింది. పద్నాలుగేళ్లకు, నాకు బలం బాగానే ఉంది కదా అని మానేసినవాళ్లున్నారు. మానితే వైరస్ ఆ మందుకు లొంగదని డాక్టర్లు మనకు చెప్పారు. మనం వాళ్లకు ‘మానొద్దు’ అన్నంతవరకే చెప్పాం, ఎందుకో చెప్పలేదు.

బడి వయసు పిల్లలకు విషయం చెప్పాలని, చిన్నప్పటినుంచే కొంచెం కొంచెంగా చెబుతూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. ఆస్పత్రి కౌన్సిలర్లు ఎప్పుడు చెబుతారని అడిగితే ‘పదో తరగతి కానీయండి’ అన్నాం. తర్వాత ఇంటర్ అన్నాం. పసి మనసు విరుగుతుందన్నాం. అది అబద్ధం కాదు గానీ, అసలు భయం వేరే. ఎట్లా వచ్చిందని అడిగితే, చనిపోయిన కొడుకు పేరు ఎత్తాలి.

ఒకరి హెచ్‌ఐవీ సంగతి వారి ఒప్పుకోలు లేకుండా బయటపెట్టొద్దని 2017లో చట్టం వచ్చింది. మనం దాన్ని తలకిందులు చేశాం. వాడకట్టుకంతా ఎరుకే, బిడ్డకు తప్ప. బడిలో సార్లకూ ఎరుకే. డిసెంబర్ 1న ఎయిడ్స్ ర్యాలీలో ఆ బిడ్డ చేతికే ప్లకార్డు ఇచ్చి, ఎండలో నినాదాలు చెప్పించాం.

ఆదిలాబాద్ గూడాల్లో ఇప్పుడు పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ వంతు. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్లలోపువాళ్లకు పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. పెళ్లికి అడ్డమొస్తుందని పిల్ల కార్డును పెట్టె అడుగున పెట్టే చేతులూ మనవే.

తమకు హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజున రోగం సంగతి తర్వాత, ముందు ‘నీకెప్పటి నుంచి ఎరుక?’ అని అడిగిన పిల్లలున్నారు. ఆ వెంటనే ‘ఇంకెవరికి?’ అన్నారు. చిన్నాయన, మేనత్త, సారు, కిరాణా దుకాణమాయన... ఒక్కొక్కరి పేరూ చెప్పక తప్పలేదు.