అన్నప్రాశన ముహూర్తము, మరునాటి అన్నము

ధర్మవరము లక్ష్మీచెన్నకేశవస్వామి కోవెలలోను, లేపాక్షి వీరభద్రుని మండపములలోను, కదిరి నరసింహుని సన్నిధిలోను, మంచి తిథి కుదిరిన ఉదయములందు వెండిగిన్నెలో పరమాన్నము పట్టుకొని, పట్టుబట్టలు తొడిగిన పసిబిడ్డ నెత్తుకొని అన్నప్రాశనకు వచ్చు కుటుంబములు కనబడుచునే యుండును. బంగారు టుంగరముతో పాయసము బిడ్డ నాలుకకు తాకింతురు. ముందు పుస్తకము, కలము, నగ, కత్తి పరచి, వానిలో దేనిని పట్టుకొనునో యని బంధువులందరు వంగి చూతురు. ఇంత ముచ్చటయైన వేడుకపై నాకెట్టి ఆక్షేపణయు లేదు. నా ఆవేదన యంతయు ఆ మరునాటి ఉదయమును గూర్చినది. ఏలయన, ఆ పాయసపు చుక్కతో తంతు ముగిసినదని తలచి, బిడ్డను మరల కేవలము చనుబాలకే వదలి, ఎనిమిదవ నెల, తొమ్మిదవ నెల వచ్చువరకు పలుచని జావనీళ్లతోను, టీ కొట్టు బిస్కత్తులతోను కాలక్షేపము చేయు ఇండ్లు హిందూపురము మొదలు పెనుకొండ పల్లెలవరకు ఇంకను అనేకములున్నవి.

బిడ్డకు అన్నమెప్పుడు పెట్టవలెనను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు ఆరవ మాసమున లఘువైన, హితమైన అన్నము పెట్టుమనెను. కాశ్యపసంహిత ఆరవ మాసమున ఫలములను, పదియవ మాసమున అన్నమును విధించినది. పెద్దలలోనే ఇట్టి భేదమున్నదనిన, ఎవరో ఒకరి మాటను పట్టుకొని మొండికెత్తుట కంటె, బిడ్డ శరీరము చెప్పుదానిని వినుట మేలని నా యభిప్రాయము. ఆధునిక వైద్యులు కూడ ఈ విషయమున ఒక్కసారిగా తేల్చినవారు కారు. నాలుగు మొదలు ఆరు నెలల నడుమ ఎప్పుడైనను సరియేనని చాలకాలము చెప్పి, 2001లో ప్రపంచ ఆరోగ్య మహాసభ తీర్మానముతో ఆరు నెలలు నిండువరకు చనుబాలు తప్ప మరేమియు వలదని నిలిచిరి. అంతకుముందే పెట్టిన ఆహారముతోను నీటితోను వచ్చు విరేచనములు ఆ లేతప్రాయమున ప్రాణములకే ముప్పు తెచ్చునని వారు గ్రహించిరి. ఆరు నెలలు నిండునప్పటికి బిడ్డ మెడ నిలుపును, ఊతముతో కూర్చుండును, నోటిలో పెట్టినదానిని నాలుకతో వెలికి నెట్టుట మానును, పెద్దల కంచమువైపు చేయి చాచును. తల్లిగర్భమునుండి తెచ్చుకొన్న ఇనుపధాతువు నిలువ కూడ అప్పటికే తరిగిపోవును. చనుబాలలో ఆ ధాతువు మిక్కిలి స్వల్పము. కావున ఆరు నెలలు నిండిన పిమ్మట ఒక్కొక్క వారము జాగు చేసినకొలది బిడ్డ రక్తమునకే లోటు కలుగుచున్నదని తల్లిదండ్రు లెరుగవలయును. నెలలు నిండకమునుపే పుట్టిన బిడ్డల విషయము వేరు. వారిని గూర్చి వైద్యుని అడిగి నడచుకొనవలెను.

మన ఆచారము మగబిడ్డకు సరి నెలను, ఆడుబిడ్డకు బేసి నెలను నిర్ణయించుచున్నది. దీనివలన మగబిడ్డకు ఆరవ నెలయందు, అనగా ఐదు నెలలు నిండగనే, ముహూర్తము పెట్టుదురు. ఆడుబిడ్డకు కొందరు ఐదవ నెలలోనే, నాలుగు నెలలు నిండిన పాపకే, అన్నము ముట్టింతురు. ఆడుబిడ్డ విషయమున ఏడవ నెలను ఎంచుకొన్నచో ఆచారమునకు భంగము లేదు, బిడ్డకు మేలు. మగబిడ్డకు ఆరవ నెలలో వేడుక జరిపినను, ఆ దినమున నాలుకకు తాకించి ఊరకుండి, ఆరు నెలలు నిండిన దినమునుండి నిత్యభోజనము మొదలిడవచ్చును. మూఢమనియు, శూన్యమాసమనియు, జ్ఞాతుల మైల యనియు ముహూర్తము తొమ్మిదవ నెలకు జరిగినచో, బిడ్డ కడుపును దానితో జరుపుట మాత్రము మహాపరాధము. వేడుక వెనుకకు జరుగవచ్చును గాని బిడ్డ ఆకలి జరుగదు.

ఆరు నెలలలోపు ఏమియు పెట్టరాదనుటలో నీరు కూడ చేరినదని మన అవ్వలకు నచ్చజెప్పుట కష్టముగానున్నది. చైత్రవైశాఖములందు ధర్మవరపు రాళ్లు కాలునపుడు పసివాని నోరెండిపోవునని చెంచాతో నీళ్లు పోయుట ప్రేమచేతనే. కాని చనుబాలలో ఇంచుమించు నూటికి 88 పాళ్లు నీరే. ఎండకాలమున బిడ్డకు మరిరెండుసార్లు పాలిచ్చి, తల్లికి రెండు చెంబుల నీళ్లు త్రాగించినచో చాలును. వసకొమ్ము అరగదీసి నాకించుటయు, ఆముదము పోయుటయు, తేనె రాయుటయు మానవలసినవే. తేనెలో నుండదగిన ఒకానొక సూక్ష్మజీవి విషము పసివారి నరములను చచ్చుబడజేయును గనుక, ఏడాది నిండువరకు దానిని ముట్టింపనే రాదు.

దేశమంతట జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019–21) ఆరు నెలలలోపు కేవలము చనుబాలే త్రాగు బిడ్డలు నూటికి 63.7 మంది యని తేలినది. ఇది సంతోషింపదగినదే. కాని ఆరు మొదలు ఎనిమిది నెలల బిడ్డలలో చనుబాలతోపాటు ఘన, అర్ధఘనాహారము పొందువారు 45.9 మంది మాత్రమే. రెండేండ్లలోపు తగిన ఆహారము తినుచున్నవారు 11.3 మంది మాత్రమే. మన ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత యున్నదని అదే సర్వే చెప్పుచున్నది. తొందరపడి పెట్టుటకంటె, ఆలసించి, అదియు చాలీచాలకుండ పెట్టుటయే నేటి మన పెద్దలోపమని ఈ అంకెలు చూచి నేను నిశ్చయించుకొంటిని.

పేదరికమే ఇందుకు కారణమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. ఈ సీమయందు పసిబిడ్డకు వలసిన ఆహారము దాదాపు అంతయు ఇంటిలోనే యున్నది. నూరు గ్రాముల రాగిలో 340 మిల్లీగ్రాములకు తగ్గని సున్నపుధాతువు కలదు. బియ్యమున దానిలో ముప్పదవ వంతైనను లేదు. రాగులను రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలెత్తిన పిమ్మట నీడన ఎండబెట్టి, దోరగా వేయించి, విసరి, పలుచని గుడ్డలో జల్లించినచో, హిందూపురము సరిహద్దు పల్లెలవారు రాగి సరి యని పిలుచు పిండి సిద్ధమగును. మొలకెత్తునపుడు పుట్టు ఎంజైము పిండిపదార్థమును విరిచివేయుటచే ఈ జావ జిగటకట్టదు. తక్కువ నీటిలో ఎక్కువ పిండి ఇముడును. ఇదియే ఇందలి మర్మము. పసివాని కడుపు చిన్న గిన్నెడు మాత్రమే పట్టును. ఆరు మొదలు ఎనిమిది నెలలవరకు చనుబాలుగాక రోజునకు సుమారు 200 కిలోకేలరీల శక్తి ఆ చిన్ని గిన్నెలలోనుండియే రావలెను. అరగదేమో యను భయముతో నీళ్లవలె చేసిన జావ కడుపును నింపునేగాని బలమీయదు. చెంచాను ప్రక్కకు వంచినపుడు జారిపోక నిలుచునంత చిక్కగా నుండవలెను. అందులో అరచెంచా నెయ్యియో నూనెయో కలుపవలెను. మొదట రెండుమూడు చెంచాలు, రోజునకు రెండుసార్లు. తొమ్మిదవ నెలనుండి మూడు నాలుగుసార్లు. ఏడాది నిండునప్పటికి ఇంటిల్లిపాది తిను పప్పన్నము, సంగటి, ఆకుకూర. ఉప్పు, చక్కెరల అవసరమే లేదు.

అయితే రాగియొక్కటే చాలదు. దానిలోని ఇనుమును శరీరము సులువుగా గ్రహింపజాలదు. మెత్తగా మెదిపిన గ్రుడ్డు, తినువారి ఇంట మాంసము, కాలేయము, తిననివారి ఇంట పప్పు, ఆకుకూరలపై నిమ్మరసపు చుక్కలు తోడు కావలెను. ఇక మన అనంతపురపు వేరుసెనగ సంగతి. లండనునందు జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, అలర్జీ వచ్చు అవకాశమెక్కువగా నున్న 640 మంది పసివారిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు వేరుసెనగ పదార్థములు తినిపించి, రెండవ వర్గమునకు మాన్పించి చూడగా, ఐదేండ్లనాటికి తినిన వర్గమునందే ఆ అలర్జీ మిక్కిలి తక్కువయని తేలినది. పిండిగా నూరి జావలో కలుపుటయే తగును. గింజ మాత్రము గొంతునకడ్డుపడును గనుక ఐదేండ్లవరకు ఈయరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు గోధుమ, సెనగ, వేరుసెనగ, బెల్లములతో పోషణలోపమున్న బిడ్డలకై ఒక మిశ్రమమును రూపొందించిరి. పేదవాని వంటింటి దినుసులతోనే ఈ పని నెరవేరునని వారెన్నడో చూపియున్నారు. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము కూడ అట్టిదే. దానిని ఇంటిలోని పెద్దపిల్లలందరు పంచుకొనక, ఎవరి పేరిట వచ్చినదో ఆ బిడ్డకే దక్కనీయవలెను.

ఇంత చెప్పినను, పెట్టునదెవరు? ధర్మవరములో మగ్గపుగుంత ప్రక్కనే చీరతో ఉయ్యాల కట్టుకొని కండెలు చుట్టు తల్లి దినమంతయు బిడ్డ కంటియెదుటనే యుండును, ఏడ్చిన పాలిచ్చును, కాని గిన్నె పట్టుకొని అరగంటసేపు మాటలు చెప్పి తినిపించు తీరిక ఆమెకు లేదు. ఆ అరగంట అవ్వగాని, తాతగాని, భర్తగాని పంచుకొనవలసినదే. హిందూపురపు గార్మెంటు ఫ్యాక్టరీలకు వేకువనే బస్సెక్కు తల్లుల స్థితి ఇంకను కఠినము. 2017లో ప్రసూతి సెలవును 26 వారములకు పెంచిరి. కాని కాన్పునకు ముందే ఎనిమిది వారములు వాడుకొనిన తల్లికి తరువాత మిగులునవి పదునెనిమిది వారములే, అనగా నాలుగు నెలలకు కొంచెము పైచిలుకు. ఆరు నెలలు చనుబాలే ఈయుమని వైద్యుడు చెప్పుచుండగా, నాలుగు నెలలకే పనికి రమ్మని జీవనావసరము చెప్పును. ఆ సందులోనే పాలసీసా ఇంటిలో ప్రవేశించుచున్నది. ఏబదిమందిగాని అంతకు మించిగాని పనివారున్న చోట శిశుగృహముండవలెననియు, తల్లి దినమునకు నాలుగుసార్లు బిడ్డను చూచి రావచ్చుననియు అదే సవరణము శాసించినది. కావున హిందూపురము, పెనుకొండ ప్రాంతముల యజమానులను ఒక్కటి కోరుచున్నాను: ఫ్యాక్టరీ ఆవరణలో ఒక శుభ్రమైన గది, నమ్మకమైన ఒక ఆయా, జావ కాచుటకొక పొయ్యి ఏర్పరచి, పాలిచ్చుటకు వెళ్లిన తల్లి కూలిలో కోత పెట్టకుండుడు. కార్మికశాఖవారు తనిఖీకి వచ్చినపుడు హాజరుపట్టీతోపాటు ఆ గది తలుపు కూడ తెరచి చూచి రావలెను.