బాయిల్ గారి నియమము, మన పిల్లల లెక్క

పిల్లలను ఇంటర్మీడియట్ సైన్సులో చేర్చిన తల్లిదండ్రులు కొందరు మమ్మును అడుగుచున్నారు: "అయ్యగారూ, ఈ చదువుతో బిడ్డకు విశ్వాసము చల్లారిపోదా?" మా జవాబు రసాయనశాస్త్రములోని వాయు నియమముల పాఠములోనే ఉన్నది.

రాబర్ట్ బాయిల్ 1627లో ఐర్లండులో పుట్టెను. గాజు గొట్టములో కొంత గాలిని బంధించి, పాదరసముతో నొక్కి, ఉష్ణోగ్రత మారనప్పుడు గాలి పరిమాణము సగమైతే పీడనము రెట్టింపగునని కొలిచి, ఆ సంగతి 1662లో ప్రచురించెను. బైబిలును మూలభాషలలో చదువుటకు హెబ్రీ, గ్రీకు నేర్చినవాడును ఆయనే. ఐరిష్ భాషలో పాతనిబంధన 1685లో అచ్చగుటకు తన సొమ్ము ఇచ్చెను. విశ్వాసము చల్లారినవాడు చేయు పనులా ఇవి?

ఇంట్లో సైకిలు పంపు ఉంటే దాని మూతిని వ్రేలితో గట్టిగా మూసి, పిడిని మెల్లగా నొక్కి చూడమనండి. లోపలి గాలి ఎంత ఇరుకైతే అంతగా ఎదురు తన్నును. మెల్లగా అని ఎందుకన్నామనగా, గబగబ కొట్టితే పంపు వేడెక్కును. ఉష్ణోగ్రత మారినచోట బాయిల్ నియమమొక్కటే చాలదు.

పిల్లలు మార్కులు పోగొట్టుకొనునది ఈ ఉష్ణోగ్రత దగ్గరనే. ఉదయము 27 డిగ్రీలున్న సైకిలు టైరు ఎండలో 57 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. టైరు సాగలేదు, గాలి పోలేదు. లోపలి మొత్తము పీడనము ఎంత పెరుగును? చాలమంది 57ను 27తో భాగించి, రెట్టింపు దాటినదని వ్రాయుదురు. అదే నిజమైతే మధ్యాహ్నమునకు ఊరిలో ఒక్క ట్యూబు మిగలదు! సెల్సియస్ సున్న నీరు గడ్డకట్టు చోటు. గాలికి అది సున్న కాదు. వాయువుల లెక్కకు సున్న ఇంకను 273 డిగ్రీలు క్రింద ఉన్నది. కావున ముందుగా 273 కలుపవలెను: 27 కాస్తా 300 కెల్విన్, 57 కాస్తా 330 కెల్విన్ అగును. పెరిగినది పదవ వంతు మాత్రమే. పాత ట్యూబుకు అదియు ఎక్కువే గనుక సైకిలును నీడన పెట్టుట మంచిది.

వంటింటి గ్యాసు బండకు మాత్రము ఈ లెక్క అతకదు. అందులో ఎక్కువ భాగము ద్రవము. వేడి తగిలినకొలది అది ఆవిరిగా మారుచు పీడనమును ఈ లెక్కకన్న త్వరగా పెంచును. బండను ఎండలోను పొయ్యి ప్రక్కను ఉంచకండి.