నేర్పునకా, తీరికకా?

ఆన్‌లైన్ క్రీడలను గూర్చి చిరకాలముగ నొక వివాదము నడచుచున్నది. దినమున కొక గంట వినోదమునకై వచ్చువాని కొఱకు క్రీడను నిర్మింపవలెనా, లేక దానినే వ్రతముగ బట్టినవాని కొఱకా? మొదటివానిని క్యాజువల్ ఆటగాడనియు, రెండవవానిని హార్డ్‌కోర్ ఆటగాడనియు వ్యవహరించుచున్నారు. ఉభయపక్షములవారును అసలు విషయమును విడిచి వాదించుచున్నారని మా యభిప్రాయము.

అమెరికాలోని బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో వెలువరించిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చరిత్రయే యిందుకు నిదర్శనము. లక్షలాది జనులు నెలనెల చందా చెల్లించి యొకే కల్పితలోకమున సంచరించు క్రీడ యిది. ఆరంభదశలో నిందలి మహాదుర్గములను జయింపవలెనన్న నలువదిమంది యొకే వేళకు కూడవలెను. వారమున పలురాత్రులు గంటలతరబడి కూర్చుండవలెను. సామగ్రి సమకూర్చుకొనుటకు మఱికొన్ని గంటలు. 2006 జూనులో తెఱచిన నక్స్‌రామస్ దుర్గమును పూర్తిగ జయించుటకు ప్రథమబృందమునకే రెండు నెలలకు పైగా పట్టినది. చందాదారులలో నత్యధికసంఖ్యాకులు దాని గడపనైన త్రొక్కలేదు. వారి సొమ్ముతోనే యది కట్టబడినదని మఱువరాదు!

2008లో సంస్థవారు ఆ దుర్గమునే పదిమందికిని, ఇరువదియైదుమందికిని సులభముగ మార్చి తెఱచిరి; వీరులలిగిరి. 2010 డిసెంబరులో క్రీడను మరల కఠినపఱచిరి, సామాన్యులలిగిరి. ఆ యేటి అక్టోబరులో 1 కోటి 20 లక్షలుండిన చందాదారులు 2015 జూను నాటికి 56 లక్షలకు దిగిరి. ఈ క్షయమునకు కాఠిన్యమే కారణమని మేమనము. క్రీడ ముదిసినది, చందా లేని క్రీడలు పెక్కు వచ్చినవి.

ఇక 2020 డిసెంబరున జరిగినదానిని గమనింపుడు. అంతకు ముందేట పాతరూపముననే పునఃప్రారంభించిన ‘క్లాసిక్’ క్రీడలో ఆ నక్స్‌రామస్‌నే తెఱువగా, పలుబృందములు ఆ దినముననే జయించినవి. నడుమ కిటుకులన్నియు లోకవిదితమైనవనుట నిజమే. అయినను, మునుపు పెక్కుమందిని ద్వారముకడ నిలిపినది నేర్పు కొఱత కంటె తీరిక కొఱతయే యని యిందువలన తేటపడుచున్నది. పగలెల్ల కొలువుచేసి, బిడ్డలను నిద్రపుచ్చి, రాత్రి తొమ్మిదింటికి యంత్రము ముందు కూర్చుండు గృహస్థు అసమర్థుడా? ఆస్తిగలవారికే వోటుండిన కాలము మన దేశముననుండెను. నాడు దానిని యోగ్యత యనిరి. తీరికయు నొక యాస్తియే.

హార్డ్‌కోర్ పక్షమువారి మొఱలోను సత్యము లేకపోలేదు. శ్రమించినవానికిని, ఊరక నడచివచ్చినవానికిని ఒకే బహుమానమిచ్చినచో నా బహుమానమునకు విలువ పోవును. కావున కాఠిన్యమును తగ్గింపుమని మేము కోరము. చదరంగమున ఐదు నిమిషముల యాట కలదు. దానిని సులభమని యెవ్వరనగలరు? బ్లిజార్డ్ వారే 2016లో ఐదుగురు, సుమారు అరగంటలో, గడియారముతో పోటీపడి యాడు పద్ధతిని తెచ్చిరి. గడువులో గెలిచినకొలది మెట్టు మఱింత కఠినమగును. గృహస్థును, వీరుడును ఒకే త్రోవన బయలుదేఱి, ఎవరి నేర్పుకొలది వారు నిలుతురు.

ఇంత తెలిసినవారు, 2014లో మహాదుర్గముల యత్యున్నతశ్రేణికి మాత్రము ఇరువదిమంది నియమమును విధించిరి. ఆ సంఖ్యను పదికి దించి, కాఠిన్యమును యథాతథముగ నుంచుటకు వారేల జంకవలెనో మాకు బోధపడకున్నది.