తీరానికో అభయ శాసనం కావాలి

వేసవి సెలవులు వచ్చినా, కార్తీక మాసం వచ్చినా మన పత్తి, మిర్చి పల్లెల చూపు సముద్రం వైపు మళ్లుతుంది. సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఆటోల్లో, వ్యాన్లలో బయలుదేరుతాయి. ఏ బీచ్ మంచిదని నన్ను అడిగేవారూ ఉన్నారు. ఇసుక తెలుపును బట్టి, వసతి గృహాలను బట్టి, దొరికే చేపల వేపుడును బట్టి తీరాలకు మార్కులు వేసే జాబితాలకు కొదవ లేదు. వైద్యుడిగా నా కొలత వేరు. వెళ్లినవారందరూ క్షేమంగా తిరిగి ఇల్లు చేరే తీరమే ఉత్తమమైన తీరం.

అందాల విషయంలో మనకు లోటు లేదు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంకలో విశాలమైన ఇసుక తిన్నెలు, పర్యాటక శాఖ వసతి ఉన్నాయి. చీరాల దగ్గరి ఓడరేవులో దీపస్తంభం, మత్స్యకారుల పడవలు కనువిందు చేస్తాయి. పక్కనే రామాపురం రిసార్టులతో పేరు తెచ్చుకుంది. రద్దీ వద్దనుకునేవారికి ఒంగోలు సమీపంలోని కొత్తపట్నం, సింగరాయకొండ దగ్గరి పాకల ఉన్నాయి. కూర్చోవడానికి, నడవడానికి, సూర్యోదయం చూడడానికి ఇవన్నీ మంచివే. నీటిలో దిగడానికి ఏది మంచిదంటే మాత్రం, కాపలా ఉన్న చోటే మంచిదని చెబుతాను.

మెట్ట ప్రాంతపు యువకులకు ఈత రాదని కాదు. బావిలోనో, సాగర్ కాలువలోనో నేర్చుకున్న ఈత చాలామందికి ఉంది. కాలువ నీరు గట్టు వెంబడి ఒకే దిక్కుకు పారుతుంది. సముద్రం అలా కాదు. అలలు ఒడ్డుకు తోసిన నీరు వెనక్కి పోవడానికి ఇసుక మేటల మధ్య లోతైన సందు వెతుక్కుంటుంది. ఆ సందులో లోపలికి లాగే ప్రవాహమే రిప్ కరెంట్. దాని వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడైనా దానికి ఎదురీది నెగ్గడం కష్టం. పైగా ఆ చోట అలలు అంతగా విరగవు కనుక నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలను దింపడానికి అనువైన చోటని మనం ఎంచుకునేది చాలాసార్లు దాన్నే.

అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు. ఆ ప్రవాహం మనిషిని అడుగుకు ఈడ్చదు, దూరానికి తీసుకుపోతుంది. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. ఒడ్డున ఉన్నవారు ఆవేశంతో దూకకూడదు. ఒకరి కోసం వెళ్లి ఇద్దరు ముగ్గురు పోయిన కుటుంబాలు ఎన్నో. తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది విసరండి. మునిగేవారు సినిమాల్లో లాగా కేకలు వేయరు. నోరు నీటిపై ఉన్న ఆ కాస్త సమయం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు. అందుకే పిల్లలు చేతికందే దూరంలో ఉండాలి. మద్యం తాగినవారు నీటి దరికే వెళ్లకూడదు.

బయటకు తీసినవారి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం మన దగ్గర ఇంకా చూస్తుంటాం. అది విలువైన నిమిషాలను మింగేస్తుంది. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు నోటి ద్వారా రెండుసార్లు ఊపిరి ఊదాలి. ఆపై ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు గట్టిగా నొక్కాలి. మళ్లీ రెండుసార్లు ఊదాలి. 108 వాహనం వచ్చేవరకు ఆపకూడదు. తేరుకున్నవారినీ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది మరణించారు. వీటిని విధిరాతగా సరిపెట్టుకోవడం తగదు. చాలావరకు ఇవి నివారించదగిన మరణాలు. మన సంప్రదాయం, వాతావరణం ఎదురుపడే చోటు ఒకటుంది. సముద్ర స్నానాలకు వేలమంది తరలే కార్తీకం, బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టే కాలంలోనే వస్తుంది. దివిసీమను ముంచిన 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన కూడా కార్తీకంలోనిదే. స్నానం మానమని నేను అనను. మోకాలి లోతు దాటకుండా చేసిన స్నానానికి పుణ్యం తగ్గదు.

కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంకలో పోలీసులు, గజ ఈతగాళ్లు ఉంటారు. కానీ సముద్రం పండుగ చూసుకుని ప్రాణం తీయదు. 2024 జూన్‌లో రామాపురం వద్ద జరిగిన మరణాల తర్వాత బాపట్ల జిల్లాలో తీరాలను కొన్నాళ్లు మూసివేశారు. మూసివేత తాత్కాలికమైన కట్టే గానీ మందు కాదు. విశాఖలోని రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు నియమాల్లో నీటి శుభ్రతతో పాటు ప్రాణరక్షణ ఏర్పాట్లూ ఉన్నాయి. అవి మన తీరాలకు ఎందుకు ఉండకూడదు? అలల తీరు పుట్టుకతో తెలిసిన మత్స్యకార యువకులకు సీపీఆర్ నేర్పి, ఏడాది పొడవునా జీతమిచ్చి నియమించాలి. ప్రమాదకరమైన చోట ఎర్ర జెండాలు, స్నానానికి హద్దు తాళ్లు ఏర్పాటు చేయాలి. ఖర్చు ఎక్కువంటారు. రిసార్టులకూ రోడ్లకూ పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

చీరాలకు దక్షిణాన, ఇదే తీరంలో మోటుపల్లి ఉంది. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే రోజుల్లో, కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయ శాసనం వేయించాడు. సుంకం తప్ప ఆ వర్తకుల సొత్తు జోలికి పోనని మాట ఇచ్చాడు. సరుకుకు అప్పుడు దక్కిన అభయం నేడు మనుషుల ప్రాణాలకు దక్కాలి. అంతవరకు, కాపలా లేని తీరంలో ఇసుక మీదే కూర్చుని సముద్రాన్ని చూడండి. అదీ ఆరోగ్యమే.