కౌంటర్ దగ్గర ఎవరి అబద్ధం?

ఈ మధ్య మా బృందం సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. విజిట్ వీసాల మీద ఆడవాళ్లను గల్ఫ్‌కు పంపుతున్న దళారీల గుట్టు బయటపడాలంటే మనలో ఒకరు మారుపేరుతో ఆ దారిలో నడిచి చూడాలని ఒక యువ కార్యకర్త అన్నది. ఇంటిపనికి వెళ్లే మనిషినని ఏజెంటును నమ్మించాలి. అతను చెప్పినట్టే తయారై శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ దాటాలి. ఎవరు ఏ ప్రశ్న అడిగారో, ఎవరు చూసీ చూడనట్టు వదిలేశారో గుర్తుపెట్టుకుని, ఇమిగ్రేషన్ దగ్గర వెనక్కి తిరిగి వచ్చేయాలి. చాలామందికి ఈ ఆలోచన నచ్చింది. నేను వద్దన్నాను. వయసు మీద పడి భయం పట్టుకుందని ఒకరు నవ్వారు. భయం వల్ల కాదు. ఇంచుమించు అలాంటి పనే నేను ఒకసారి చేశాను. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

కొన్నేళ్ల క్రితం వలసల మీద పనిచేస్తూ బాన్సువాడ ప్రాంతంలోని మహమ్మద్ నగర్‌కు తరచూ వెళ్లేదాన్ని. నిజాంసాగర్ నీళ్లున్న ప్రాంతమే. అయినా నీళ్లు పొలం ఉన్నవాళ్లవి. పొలం లేని ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు గల్ఫ్‌కు పోతారు. అక్కడ నాకు పరిచయమైన ఒకామె భర్త వీసాకు అప్పుచేసి వెళ్లి, కంపెనీ జీతాలివ్వక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అప్పు మాత్రం వడ్డీతో పెరుగుతూనే ఉంది. ఇక ఆమె వెళ్లాలని ఇంట్లో నిర్ణయమైంది. చదువు ఐదో తరగతి. వయసు ఇరవై ఆరు. వెళ్లేది మస్కట్‌కు, ఇంటిపనికి, విజిట్ వీసా మీద.

ఏజెంటు దగ్గరికి ఆమెతో పాటు నేనూ వెళ్లాను, పెద్దమ్మ కూతురినని చెప్పి. నోటుబుక్కు సంచిలోనే ఉంచాను. అతను ఆమెను ఎదురుగా కూచోబెట్టి బడిపిల్లకు ఎక్కాలు నేర్పినట్టు నేర్పాడు. ఎక్కడికి పోతున్నావు? మా చిన్నమ్మ బిడ్డ దగ్గరికి. ఎన్ని రోజులకు? ఇరవై రోజులకు. ఏం పని మీద? చూసి రానీకి. తిరుగు టికెట్టు ఉన్నదా? ఉన్నది. ఆ టికెట్టు కౌంటర్ దగ్గర చూపించడానికేనని, తర్వాత రద్దయిపోతుందని అతనే చెప్పాడు. కొత్త చీర కట్టుకోమన్నాడు, చేతిసంచి పట్టుకోమన్నాడు. చేతివేళ్లు చూసి గోళ్లకు రంగు వేసుకోమన్నాడు. తునికాకు కత్తిరించి కత్తిరించి, దారం చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్లు చూస్తే ఎవరికైనా ఆమె ఎవరో తెలిసిపోతుందని అతని భయం.

ఆమె ప్రయాణం రోజున నేను ఢిల్లీకి ఒక టికెట్టు కొనుక్కుని విమానాశ్రయం లోపలికి వెళ్లాను. ఎక్కే ఉద్దేశం లేదు. కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడాలి, అంతే. గుమ్మం దగ్గర జవాను నా గుర్తింపుకార్డు చూసి ‘మేడమ్’ అని దారిచ్చాడు. పత్తేదారులా దొంగ ప్రయాణం చేస్తున్నది నేను. నన్నెవరూ ఏమీ అడగలేదు. కాస్త దూరంలో ఆమె వరసలో నిలబడింది. కౌంటర్ వెనక అమ్మాయి పాస్‌పోర్టు తిప్పింది, వీసా కాగితం చూసింది, తిరుగు టికెట్టు చూసింది, రెండు ప్రశ్నలు అడిగింది. ఆమె ఎక్కాలు సరిగ్గా అప్పజెప్పింది. పెట్టె బెల్టు మీద కదిలింది. ఆ వేళ్లను ఎవరూ చూడలేదు. నేను బయటికొచ్చి, ప్రశ్నలు, జవాబులు, పట్టిన నిమిషాలు అన్నీ రాసుకున్నాను. మంచి సమాచారం దొరికిందనుకున్నాను కూడా. సిగ్గుపడుతూనే ఈ మాట ఒప్పుకుంటున్నాను.

ఆమె పద్నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చింది. ఒక ఇంటికని చెప్పి తీసుకెళ్లి మూడిళ్ల పని చేయించారు. దిగిన రోజే పాస్‌పోర్టు కఫీల్ చేతికి పోయింది. నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారు. పారిపోతే ఖల్లివల్లి అవుతుంది, దొరికితే జైలు. ఎలా బయటపడిందో చెప్పడానికి ఆమెకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. చివర్లో నన్ను ఒక మాట అడిగింది. “నువ్వు అక్కనని చెప్పినవ్ గద. నిజంగ అక్కవే అయితే గట్ల పోనిస్తుంటివా?” నేను మాట్లాడలేకపోయాను. ఆమే మళ్లీ అన్నది: “నువ్వు ఆపితే నేను ఆగకపోతుంటి. గానీ ఎంబసీ నంబరన్న రాసిస్తుంటివేమో.”

ఎంబసీ నంబరు నా నోటుబుక్కులో ఉంది. ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు. ఇస్తే ‘పరిశోధన’ చెడిపోతుందన్న శిక్షణ మాత్రం నాకు బాగా ఒంటబట్టింది.

మారువేషపు పరిశోధనలకు గొప్ప చరిత్రే ఉంది. 1887లో నెల్లీ బ్లై అనే అమెరికన్ పాత్రికేయురాలు పిచ్చిదానిలా నటించి న్యూయార్క్‌లో స్త్రీల పిచ్చాసుపత్రిలో చేరింది. పది రోజులుండి అక్కడి దారుణాలను లోకానికి చెప్పింది. గుంటర్ వాల్‌రాఫ్ అనే జర్మన్ రచయిత టర్కీ వలస కూలీగా వేషం మార్చుకుని పనిచేసి 1985లో పుస్తకం వేశాడు. ఆ పనుల విలువను నేను తక్కువ చేయడం లేదు. కానీ నెల్లీ బ్లైని పదో రోజున బయటికి తెచ్చే బాధ్యత ఆమె పత్రికది. ఆమె పక్క మంచం మీది స్త్రీలకు అలాంటి పత్రిక లేదు. వాల్‌రాఫ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు జర్మన్‌గా మారిపోగలడు. మారువేషం వేసుకోగలగడమే ఒక వర్గ సౌకర్యం. అదే అబద్ధం మనం ఆడితే పరిశోధన, మహమ్మద్ నగర్ ఆడమనిషి ఆడితే నేరం. 1983 నాటి వలస చట్టం లైసెన్సు లేని ఏజెంటునే కాదు, నిబంధన తప్పి వలస వెళ్లిన మనిషినీ శిక్షించవచ్చని చెబుతుంది.

మారువేషం రాజ్యం చేతిలో ఏమవుతుందో కూడా మన తెలుగువాళ్లకు తెలుసు. అమెరికాలో మిషిగాన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖవాళ్లే ఒక దొంగ విశ్వవిద్యాలయం నడిపారు. రహస్య అధికారులు విశ్వవిద్యాలయ ఉద్యోగుల్లా నటించి దరఖాస్తులు తీసుకున్నారు, ఫీజులు కట్టించుకున్నారు. 2019 జనవరి చివర్లో గుట్టు విప్పేసరికి దాదాపు 600 మంది విద్యార్థులు చిక్కుకున్నారు. వారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. వాళ్లలో కొందరు తెలిసే తప్పు చేసి ఉండవచ్చు. అయినా అబద్ధమాడిన అధికారికి జీతం, దాన్ని నమ్మిన విద్యార్థికి నిర్బంధం.

ఇప్పుడు కౌంటర్ సంగతికి వద్దాం. మన కార్యకర్త అనుకున్నట్టు ఎవరో ఒకరు వేషం వేసి కౌంటర్ దాటి, ‘చూడండి, ఎంత సులువుగా దాటానో’ అని రాశారనుకుందాం. ప్రభుత్వం ఏం చేస్తుంది? తనిఖీలు పెంచుతుంది. పేదగా కనిపించే ఆడవాళ్లను, బురఖా వేసుకున్నవాళ్లను, ఇంగ్లీషు రానివాళ్లను పక్కకు నిలబెడుతుంది. ఈ అనుభవం మనకు కొత్త కాదు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ తప్పనిసరి. అలాంటి పాస్‌పోర్టుతో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్నారు. ఇంటిపనికి తీసుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలన్నారు. 2016 ఆగస్టు నుంచి ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాక ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలన్నారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అలాంటి సంస్థలే. ఒక్కొక్కటీ రక్షణ పేరుతో వచ్చిందే. కానీ ఇరవై ఆరేళ్ల మనిషికి అప్పు తీర్చాల్సిన అవసరం ముప్ఫయ్యో పుట్టినరోజు దాకా ఆగదు. చుట్టపుచూపుకు వెళ్లేవారికి పని వలస అనుమతి అక్కర్లేదు. కాబట్టి సక్రమ మార్గం మూసుకున్న కొద్దీ విజిట్ వీసా మార్గం తెరుచుకుంది. ఏజెంటు ఆమెకు నేర్పిన అబద్ధానికి సగం పాఠం ఈ నిబంధనలే రాశాయి.

మగవాడి వలసకు ఇలాంటి వయసు కంచె లేదు. అతను కార్మికుడు. ఆమె మాత్రం కాపాడాల్సిన వస్తువు. పితృస్వామ్యం ఇంట్లో మాట్లాడే భాషనే రాజ్యం విమానాశ్రయంలో మాట్లాడుతోంది.

మరి కౌంటర్ దగ్గర ఏమీ అడగకూడదా? అడగాలి. ఏ ప్రశ్న, ఎవరి తరఫున అన్నదే అసలు విషయం. 1991 ఆగస్టు 10న హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళుతున్న విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా గమనించారు. పాతబస్తీకి చెందిన ఆ పిల్లకు పదేళ్లో పదకొండేళ్లో. పక్కన అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు, నిఖా చేసుకున్న ‘భర్త’. ఆ పిల్ల అప్పటికే బేగంపేట విమానాశ్రయంలో కౌంటర్ దాటింది, భద్రతా తనిఖీ దాటింది, విమానం మెట్లెక్కింది. అందరూ టికెట్టు చూశారు. ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని అడిగింది ఒక్క అమృత. విమానం ఢిల్లీలో దిగగానే పోలీసులు వచ్చారు. దేశమంతా గగ్గోలెత్తింది. ఆ మనిషి మాత్రం బెయిలు మీద బయటికొచ్చి దేశం దాటిపోయాడు. అతని కాగితాలు కూడా ఏదో ఒక కౌంటర్ దగ్గర సరిపోయే ఉంటాయి. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరులో, అదే పాతబస్తీలో ఒమాన్, ఖతార్ షేకులు, ఖాజీలు, దళారులు కలిపి 20 మందిని పోలీసులు పట్టుకున్నారు. అదే వ్యాపారం.

చిన్నపిల్లకూ ఇరవై ఆరేళ్ల కార్మికురాలికీ తేడా ఉంది. ఆ పిల్లను ఆపాలి, ఆపడమే రక్షణ. ఈమెను ఆపితే అప్పు ఆగదు, రేపు ముంబై నుంచో మరో చోటి నుంచో వెళుతుంది. ఈమెకు కావాల్సింది సమాచారం, పత్రం, వెనక ఒక మనిషి. ఇద్దరినీ ఒకే గాటన కట్టి ‘అక్రమ రవాణా బాధితులు’ అంటే ఈమె మాట వినిపించదు. అలాగని స్వచ్ఛందంగా వెళ్లిందిలే అని వదిలేస్తే ఏజెంటు తప్పించుకుంటాడు. మోసంతో దోపిడీకి పంపితే బాధితురాలి అంగీకారం లెక్కలోకి రాదని 2013లో మారిన 370వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. దీన్ని ఏజెంట్ల మీద వాడించడం మన పని. దానికి సాక్ష్యం కావాలి నిజమే. మారువేషం వేయకుండానే ఆ సాక్ష్యం దొరుకుతుంది. తిరిగొచ్చిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. ఏజెంటు పంపిన ఫోను సందేశాలు, డబ్బు కట్టిన చీటీలు, రద్దయిన తిరుగు టికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లు బయటికొచ్చి చెప్పకపోవడానికి కారణం, తామూ కౌంటర్ దగ్గర అబద్ధమాడామన్న భయం. ముందు ఆ భయం తీర్చాలి. ఫిర్యాదు చేసిన వలస కార్మికురాలి మీద ఎదురు కేసు పెట్టకూడదని మనం గట్టిగా అడగాలి.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల నిబంధన ఎవరిని కాపాడిందో ప్రభుత్వం లెక్క చెప్పాలి. టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఉంటే బాన్సువాడ బస్సెక్కి వచ్చేదెవరు? మండలానికి ఒక రోజైనా వాళ్లే రావాలి. పని ఒప్పందం తెలుగులో, ఉర్దూలో ఆమె చేతికి అందాలి. ఇంటిపనివారిని కార్మికులుగా గుర్తించే అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక 2011 జూన్‌లో వచ్చింది. దానికి అనుకూలంగా ఓటేసిన మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇక్కడి మన ఇళ్లలో పనిమనిషికి లేని హక్కు మస్కట్‌లో ఇమ్మని అడగడానికి మనకు నోరెలా వస్తుంది?

నేను చెప్పేది విని మా కార్యకర్త, “మరి మన బృందం ఏం చేయాలంటారు?” అని అడిగింది. వేషం కోసం ఖర్చుపెట్టదలచిన డబ్బుతో, మహమ్మద్ నగర్‌లో తిరిగొచ్చిన ఆడవాళ్లతో ఒక సమావేశం పెడదామన్నాను. ఎంబసీ నంబర్లు, ఫిర్యాదు చేసే చోట్లు, పాస్‌పోర్టు నకలు ఎవరి దగ్గర దాచాలి అన్నవి ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి బీడీ కార్ఖానాల దగ్గర పంచుదామన్నాను. వెళ్లే ప్రతి మనిషికీ ఊళ్లో ఒక పేరు, ఒక ఫోను ఉండాలి. వారానికొకసారి ఆమె గొంతు వినపడకపోతే కదిలే మనిషి ఉండాలి.

ఆమెకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. వస్తానన్నది. తన మరదలికి కూడా పాస్‌పోర్టు వచ్చిందని, ఆ పిల్లనూ తీసుకొస్తానని చెప్పింది. ఈసారి నోటుబుక్కులో ఉన్న నంబర్లన్నీ ముందే రాసి పెట్టుకున్నాను.