99 రూపాయల ఆఫరు

'హ్యాపీ అవర్స్', 'లేడీస్ నైట్' అనే మాటలతో హిందూపురానికి పనిలేదు. పట్టుగూళ్లు అమ్ముకుని వచ్చిన రైతు కోసమో, ధర్మవరంలో మగ్గం దిగిన నేతగాడి కోసమో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని ఎవరూ బోర్డు కట్టరు. కట్టాల్సిన అవసరమూ లేదు. 2024 అక్టోబరు మద్యం విధానంలో క్వార్టర్ సీసా 99 రూపాయలకే అందిస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. అచ్చంగా బాటా రేటు! ఒక బారు యజమాని ఈ పని చేస్తే దాన్ని ప్రలోభం అంటాం. సర్కారు చేస్తే విధానం అయిపోతుందా?

మన చట్టాలకు ప్రకటనంటే కంటికి కనిపించే బొమ్మ మాత్రమే. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనల్ని నిషేధించాయి. అవే బ్రాండ్లు సోడాలుగా, మంచినీళ్లుగా, పాటల సీడీలుగా ఇంట్లోకి వచ్చాయి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం షాపులు వద్దంది, వాటి బోర్డులూ రోడ్డు మీదికి కనిపించకూడదంది. సాహిత్య విద్యార్థిగా నాకా తీర్పు నచ్చింది. బోర్డు కూడా మనిషి మీద పనిచేసే ఒక పాఠమేనని కోర్టు ఒప్పుకున్నట్టు అనిపించింది. పెనుకొండ పక్కనుంచే 44వ నంబరు హైవే పోతుంది కాబట్టి ఆశ కూడా పడ్డాను. మరుసటి ఏడే మున్సిపాలిటీల హద్దుల్లోని షాపులకు సడలింపు వచ్చింది.

బయటి దేశాల్లో బొమ్మ దగ్గరే ఆగలేదు. ఐర్లండ్ 2003లో హ్యాపీ అవర్స్‌ని రద్దు చేసింది. స్కాట్లండ్ 2018లో మద్యానికి కనీస ధర పెట్టి, అంతకు తక్కువకి అమ్మకూడదంది. చవకే అసలు ప్రకటన అని వాళ్లకి అర్థమైంది.

మన చట్టం చూపు మాత్రం ఎప్పుడూ స్త్రీ మీదే. మద్యం వడ్డించే చోట ఆడవాళ్లు ఉద్యోగం చేయకూడదన్న పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2007లో గాని కాదు. 2009లో మంగళూరు పబ్‌లో అమ్మాయిల్ని కొట్టినప్పుడు మనమంతా రాశాం. డిగ్రీ చదువుతున్న నేనూ కాలేజీ గోడపత్రికలో రాశాను. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ తాగే హక్కు గురించి అంత రాసిన మనం, క్వార్టర్ ధర ఎంత ఉండాలన్న సంగతిని పూర్తిగా ఎక్సైజ్ శాఖకి వదిలేశాం. ధర్మవరంలో పట్టు ఆసు పోసే ఒకామెకి ఈ చర్చంతా చెబితే నవ్వింది. "తాగొద్దని నన్నెవురూ ఆపల్యా పాపా, ఆ తొంభై తొమ్మిది నా చేతిలో ఉండల్ల గదా" అంది.

నేను మళ్లీ సంపూర్ణ నిషేధం అడగడం లేదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద మొదలుపెట్టిన పోరాటం 1995 జనవరిలో నిషేధం దాకా వెళ్లింది. దాన్ని అమలు చేసిన ముఖ్యమంత్రి హిందూపురం ఎమ్మెల్యేనే. మూడేళ్లు తిరక్కుండానే, 1997లో, వేరే ముఖ్యమంత్రి సడలించేశాడు. మా హిందూపురానికైతే కర్ణాటక సరిహద్దు పక్కనే. 2019 తర్వాత ఇక్కడ ధరలు పెరిగితే అక్కడి టెట్రా ప్యాకెట్లు ఇటు వచ్చాయి. నిషేధం పేరుతో పోలీసులు ఎవరి ఇళ్లు సోదా చేస్తారో కూడా మనకు తెలుసు.

నేనడిగేది చిన్నది. ధరకి కిందివైపు ఒక గీత గీయండి. సర్కారే ఆఫర్లు ప్రకటించకూడదని నిబంధనల్లో రాయండి. మహారాష్ట్రలో ఒక వార్డులోనో ఊళ్లోనో సగానికి మించి మహిళా ఓటర్లు వద్దని ఓటేస్తే షాపు మూసేయించే వీలుంది. 2024లో ఇక్కడ 3,396 షాపులకి లాటరీ తీశారు. ఏ వీధిలో పెట్టాలో ఆ వీధి ఆడవాళ్లని అడగాలన్న ఒక్క వాక్యం ఆ నోటిఫికేషన్‌లో ఎందుకు పట్టలేదో నాకు జవాబు కావాలి.